పక్కింటి బేన్‌కు దక్కిన మాట

నా చిన్నప్పుడు మా బాపమ్మ మాటలన్నీ నావేనని అనుకునేదాన్ని. బాపమ్మ అంటే మా నాన్న తల్లి. కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ సూరత్ వచ్చిన కుటుంబం మాది. అమ్మా నాన్నా కార్ఖానాకు వెళ్లిపోతే, నాకు తల దువ్వుతూ, అన్నం కలిపి పెడుతూ, పొద్దంతా ముచ్చట చెప్పేది ఆమే. ఇంట్లో ఎందరున్నా ఆమె నోట ముందు వచ్చేది నా పేరే.

ఒక వానాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మనం చెప్పేది ఆమెకు తెలిసేది. తాను చెప్పదలచుకున్నది మాత్రం పెదవుల దాకా వచ్చి ఆగిపోయేది. నేను మంచం పట్టె పట్టుకుని, "నా పేరు చెప్పు బాపమ్మా, ఒక్కపారి" అని బతిమాలేదాన్ని. ఆమె కళ్లు నిండేవి తప్ప మాట వచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో పక్కింటి గుజరాతీ ఆవిడ చూడ్డానికి వచ్చింది. అక్కా అన్నట్టు ఆమెను అందరం 'బేన్' అనేవాళ్లం. చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తూ ఏళ్ల తరబడి ఒకే గడప మీద కూర్చున్నవాళ్లు ఆమె, బాపమ్మ ఇద్దరూ. గుమ్మంలో ఆమెను చూడగానే బాపమ్మ, "ఆవ్, బేస్" అంది. రా, కూర్చో అని, గుజరాతీలో, స్పష్టంగా. అమ్మ సంతోషంతో ఏడ్చేసింది. నేను మాత్రం మంచం పట్టె వదిలేసి దూరం జరిగాను. నేనెంత అడిగినా రాని మాట ఆమె కోసం వచ్చిందా? అదీ మన భాషలో కాదు, వాళ్ల భాషలో!

ఆసుపత్రి నుంచి ఒక అక్క మా ఇంటికి వస్తుండేది. పక్షవాతంతో మాట పోయినవాళ్లకు రెండు మూడు భాషలు వచ్చి ఉంటే, ఏది ముందు తిరిగి వస్తుంది, అది మిగతావాటికి సాయపడుతుందా అని ఆమె పరిశోధన. సంగతి విని బేన్‌నే రోజూ వచ్చి కూర్చోమంది. గ్లాసు, దువ్వెన, గంప చూపించి ముందు గుజరాతీలో పేరు అడిగేవాళ్లు, ఆ తర్వాత తెలుగులో. నేను మూతి ముడుచుకుని మూల కూర్చుంటే ఆ అక్క నాతో హిందీలో, "మాట పోలేదమ్మా, దారి మూసుకుపోయింది. ఏ దారి తెరుచుకుంటే అటే పోవాలి" అంది. ఆ దారి పక్కింట్లోంచే ఎందుకు తెరుచుకోవాలన్నదే నా బాధ.

బేన్ నా ముఖం గమనిస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం బాపమ్మ పక్కన కూర్చుని, "ఏయ్ భాగో, ఇధర్ ఆ" అని నన్ను పిలిచింది. నా పేరు భాగ్య. అన్నాళ్లూ చక్కగా పలికిన మనిషి, ఆ రోజు హిందీలో 'పారిపో' అన్నట్టు పిలిచింది!

"నా పేరు గది కాదు!" అని అరిచాను.

ఆమె నన్ను పట్టించుకోలేదు. బాపమ్మ వైపు తిరిగి, ఈ భాగోకు ఎప్పుడూ కోపమే అంది. బాపమ్మ తల అడ్డంగా ఊపింది. బేన్ మళ్లీ, ఇంకా గట్టిగా, "భాగో" అంది. బాపమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. ఎడమ చేత్తో మంచాన్ని చరిచింది. పెదవులు వణికాయి.

"భా... గట్ల కాదు... భాగ్య! భాగ్య!"

నేను వెళ్లి ఆమె ఒడిలో పడ్డాను. బేన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. "నీ పేరు బిగాడ్ చేస్తే, పాడు చేస్తే, మీ దాదీ, బాపమ్మ, ఊరుకుంటుందా?" అంది, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో.

బాపమ్మకు మాటలన్నీ తిరిగి రాలేదు. వచ్చినవాటిలో సగం బేన్ ఎదుట కూర్చున్నప్పుడే వచ్చాయి.

ఇప్పుడు సూరత్‌లోనే, అడాజన్‌లోని మా ఇంట్లో మా ఆయన అదే జబ్బుతో మాటలు వెతుక్కుంటున్నారు. నాతో ఒక్క ముక్క రాని మనిషి, హజీరా ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన స్నేహితుడు తలుపు తోసుకుని వస్తే హిందీలో రెండు మాటలు అంటారు. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, లోపల చురుక్కుమంటుంది, అబద్ధమెందుకు. అయినా ఆ స్నేహితుడికి ఫోన్ చేసి పిలిచేది నేనే. మంచం పక్కన కుర్చీ వేసి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి వెలిగించకుండా నిలబడి వింటాను.