డ్రమ్ములో మిగిలిన డేటా

కాడుగోడి మార్కెట్లో వీరభద్రాన్ని దారి అడగడం అంత తెలివైన పని కాదు. రైల్వే స్టేషన్ ఎటు అంటే చెయ్యి చూపించి ఊరుకునే మనిషి కాదాయన. ఏ రైలుకి, ఏ ఊరికి, టికెట్ తీశారా లేదా అని ఆరా తీసి, చెప్పిన దారిని ఎదుటివాడు తిరిగి అప్పజెప్పేదాకా వదలడు. ఈలోపు రైలు వెళ్ళిపోతే అది రైలు తొందరపాటే గాని ఆయన తప్పు కాదు.

హిందూపురం నుంచి బెంగళూరు వచ్చిన కొత్తలో ఎగ్జిబిషన్లలో ప్రెషర్ కుక్కర్లు అమ్మాడు. జనం ముందు పప్పు ఉడికించి చూపించడం ఉద్యోగం. విజిల్ ఎందుకు వస్తుందో అర్థం కానివాళ్ళకు మాత్రం, వాళ్ళు కొంటామని బతిమాలినా, కుక్కర్ ఇచ్చేవాడు కాదు. ఆ తర్వాత నీళ్ళ ఫిల్టర్లు, ఇస్త్రీ పెట్టెలు అయ్యాయి. ఇప్పుడు నలభై దాటాక మొబైల్ డేటా దగ్గరకు వచ్చాడు. అమ్మే వస్తువు మారుతూ వచ్చింది గాని నిలబడి అమ్మడం మారలేదు. "కూర్చొని చేసే పని ఒక్కటీ దొరకదా నీకు?" అని భార్య జయమ్మ ఆయన మోకాళ్ళకు నూనె రాసినప్పుడల్లా అడుగుతూనే ఉంటుంది.

ఇన్నాళ్ళకు దొరికేటట్టు కనిపించింది. ఆయన పనిచేసే ఫోన్ కంపెనీ మార్కెట్ చివర సొంతంగా షాపు తెరుస్తోంది. కౌంటర్ దగ్గర ఒక మనిషి కావాలి. ఫ్యాను కింద కుర్చీ, పర్మనెంట్ ఉద్యోగం. ఏరియా మేనేజర్ రంజిత దాపరికం లేకుండా చెప్పింది. "వీరభద్రం గారూ, ముందు మార్కెట్లో గొడుగు వేసుకుని జనానికి డేటా గురించి ఎడ్యుకేట్ చెయ్యండి. సేల్స్ పెరిగితే కౌంటర్ మీదే."

చెప్పడమంటే వీరభద్రానికి ఒకరు పురమాయించాలా? మర్నాటికల్లా గొడుగు కింద బల్ల మీద ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, ఒక చెంబు, ఒక బకెట్ ప్రత్యక్షమయ్యాయి. డ్రమ్ము నిండా నీళ్ళు పోసి పాఠం మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఇది నీ ఒక రోజు డేటా. మెసేజ్ పంపితే చెంబుతో కాళ్ళు కడుక్కున్నట్టు. వీడియో చూస్తే బకెట్ నిండా స్నానం చేసినట్టు. రాత్రి పన్నెండుకు కంపెనీవాళ్ళు వచ్చి, డ్రమ్ములో మిగిలింది పారబోసి, కొత్తగా నింపి పోతారు."

డేటా అంటే ఏదో గాల్లో తిరిగే వ్యవహారమని వదిలేసిన మార్కెట్టుకు ఒక్కసారిగా కళ్ళు తెరుచుకున్నాయి. పూలమ్మే భాగీరథమ్మ అందరికన్నా గట్టి విద్యార్థిని. ముత్తాతల నాటి నుంచి కాడుగోడిలోనే ఉన్న కుటుంబం ఆమెది. ఆమె ఒప్పుకుంటే ఆ వరుస మొత్తం ఒప్పుకున్నట్టే. వీరభద్రం చేత గొంతు ఎండిపోయేదాకా పాఠం చెప్పించుకుని, చెంబూ బకెట్టూ స్వయంగా ముంచి చూసుకుని, అప్పుడు పెద్ద ప్యాక్ వేయించుకుంది. వెనకే వరుసంతా వేయించుకుంది. రంజిత ఆ డ్రమ్మును ఫొటో తీసి పైవాళ్ళకు పంపింది.

అంతా బాగానే ఉంది గాని, కొన్నాళ్ళకు సాయంత్రమయ్యేసరికి మార్కెట్లో నెట్‌వర్క్ మొరాయించడం మొదలుపెట్టింది. వీరభద్రం చేతిలోని డెమో ఫోనులోనే వీడియో కదలడం మానేసింది. కారణం ఏమిటో చూద్దామని వరుస వెంట నడిచాడు. భాగీరథమ్మ ఫోను పూలబుట్టకు ఆనించి ఉంది. అందులో ఎవరో బిర్యానీ వండుతున్నారు. ఆమె అటు తిరిగి మల్లెపూలు కడుతోంది. పక్కనే పుల్లయ్య ఫోను కొబ్బరిబోండాల కుప్ప మీద కూర్చుని బోండాలకు కుస్తీ పోటీ చూపిస్తోంది. ఎటు చూసినా ఇదే వరస.

"ఏం చూస్తా ఉండావమ్మా?" అన్నాడు వీరభద్రం.

"నేనెక్కడ చూస్తా ఉండానప్పా? సుమ్నే, ఊరికే నడస్తా ఉండాది. పొద్దున్నుంచి డ్రమ్ము ముట్టుకోలేదు. మిగిలింది పారబోస్తారని నువ్వే కదా చెప్పినావు? అందుకే ఖాళీ చేస్తా ఉండాను."

"చూడకుండా ఖాళీ చేస్తే ఏమొస్తాదమ్మా?"

"పారబోసేదాని కంటే మేలు కాదా? ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకొని కొట్లాడినోళ్ళం మేము. మా నీళ్ళు ఎవరో వచ్చి పారబోస్తామంటే చేతులు కట్టుకొని చూస్తామా?"

బెంగళూరులో నీళ్ళతో పాఠం చెప్పడం ఎంత ప్రమాదమో వీరభద్రానికప్పుడు తెలిసింది. ఇంకొకడైతే నవ్వుకుని వెళ్ళిపోయేవాడు. ఈయన వెళ్ళగలడా? అర్థం కాని విద్యార్థి ఎదురుగా ఉంటే ఆయనకు అన్నం సహించదు.

"పారబోసే పన్లేదమ్మా. పక్కింటికి పైపు వేసినట్టు పక్కవాళ్ళకు ఇవ్వచ్చు. దాన్ని హాట్‌స్పాట్ అంటారు" అని, ఆ మీట ఎక్కడుందో చూపించాడు.

అంతే. ఆ వారంలోనే మార్కెట్లో వంతులు ఏర్పడ్డాయి. ఇవాళ భాగీరథమ్మ పైపు, రేపు పుల్లయ్య పైపు, ఎల్లుండి అరటికాయల బండిది. వరుసంతటికీ ఒకరి ప్యాక్ చాలినప్పుడు మిగతావాళ్ళు ఎందుకు వేయించుకుంటారు? నెట్‌వర్క్ బాగుపడింది. అమ్మకాలు పడిపోయాయి.

రంజిత స్వయంగా వచ్చి చూసింది. మొదట పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక తన పైవాళ్ళు గుర్తొచ్చినట్టున్నారు.

"ఎడ్యుకేట్ చెయ్యమన్నాను గాని, మన బిజినెస్ క్లోజ్ అయ్యేంత వద్దండీ. హాట్‌స్పాట్ పెడితే ఫోన్ పాడైపోతుందని చెప్పి ఆఫ్ చేయించండి. ఎట్లా చెప్తారో మీ ఇష్టం. కౌంటర్‌కి ఇవాళ సాయంత్రం నేను ఒక పేరు పంపాలి. మీ పేరే పంపాలని ఉంది నాకు."

"పాడు కాదు కదా మేడం" అన్నాడు వీరభద్రం.

"నాకు తెలుసు. వాళ్ళకు తెలియాలా?" అనేసి ఆమె వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు వెళ్ళిపోయింది.

వీరభద్రానికి జయమ్మ మాట గుర్తొచ్చింది, మోకాళ్ళూ గుర్తుచేశాయి. చివరికి భాగీరథమ్మ దగ్గరకు నడిచాడు. ఆమె వంద ప్రశ్నలు వేస్తుంది, వాదన పెట్టుకుంటుంది, ఆ వాదనలో తను ఓడిపోతే ఇక చేసేదేమీ లేదు అని లోపల ఒక చిన్న ఆశ కూడా పెట్టుకున్నాడు.

"అమ్మా, ఆ హాట్‌స్పాట్ పెడితే ఫోను చెడిపోతాదంట."

భాగీరథమ్మ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఫోను తీసింది, మీట ఆపింది, వరుసంతా వినబడేటట్టు కేక పెట్టింది. "పైపులు ఆపండ్రప్పా! ఫోన్లు చెడిపోతాయంట! వీరభద్రం చెప్పినాడు!"

పుల్లయ్య కత్తి పక్కన పెట్టి పరుగున వచ్చాడు. "అన్నా, వారం నుంచి పెడ్తా ఉండాను కదా, నాది ఎంత చెడిపోయింటాది? ఇంగా కొన్నాళ్ళు వస్తాదా?" అని ఫోనును రెండు చేతులతో చూపించాడు. వాడి ముఖంలో భయం నిజమైన భయం.

వీరభద్రానికి సిగ్గేసింది. నిజాన్ని నమ్మించడానికి చెంబులూ బకెట్లూ కావలసి వచ్చాయి, గొంతు ఎండిపోయింది. అబద్ధానికి తన పేరొక్కటే చాలింది. గొడుగు కిందకు వెళ్ళి "చెప్పేసినాను మేడం" అని రంజితకు మెసేజ్ పెట్టాడు గాని, కాలు నిలవలేదు. మళ్ళీ పూలబుట్ట దగ్గరకు వచ్చి వంగి, గొంతు తగ్గించాడు. ఆయన లెక్క ఏమిటంటే, చెప్పినట్టు మేడం అనుకుంటుంది, చెప్పనట్టు వీళ్ళు ఉంటారు, కుర్చీ తనకు వస్తుంది.

"అమ్మా, ఇందాక చెప్పింది అబద్ధం. ఫోను చెడదు. మేడం చెప్పమంటే చెప్పినాను. నువ్వు మామూలుగా పెట్టుకో. పుల్లయ్యకు కూడా నిదానంగా చెప్పు. కేకలు మాత్రం వద్దు."

భాగీరథమ్మ పూలు కట్టడం ఆపి ఆయన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? నాకెట్ల తెలుస్తాది?"

ఈసారి డ్రమ్మూ చెంబూ లేకుండా భాగీరథమ్మే పరీక్ష పెట్టింది.

"నీ ఫోను ఇట్లా పెట్టు. దాంట్లో పైపు ఆన్ చెయ్యి. మార్కెట్టంతా వాడుకుంటాది. సాయంత్రం దాకా చెడకపోతే అప్పుడు నమ్ముతాను."

చేసేదేముంది? ఫోను ఆమె బుట్టలో పెట్టి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, తప్పు చేసిన పిల్లాడిలా పక్కనే నిలబడ్డాడు. పుల్లయ్య, అరటికాయల బండివాడు, ఇంకా అటూ ఇటూ వాళ్ళంతా ఆయన డ్రమ్ము మీద పడ్డారు. భాగీరథమ్మ నడుమ నడుమ ఫోనును తాకి వేడి చూస్తోంది.

సాయంత్రమైంది. బుట్టలో ఫోను మోగింది. వీరభద్రం చెయ్యి చాచేలోగా భాగీరథమ్మ ఎత్తేసింది.

"ఎవురమ్మా? రంజితానా? వీరభద్రం ఇక్కడే ఉండాడు. ఫోను పరీక్షలో ఉండాది, ఇయ్యను. నువ్వేనా తల్లీ, చెడిపోతాదని అబద్ధం చెప్పమన్నది? ఆయప్ప చెప్పలేక చెప్పినాడు. మళ్ళీ తానే వచ్చి అబద్ధమని ఒప్పుకున్నాడు. అట్ల చెప్పించొచ్చా? గొంతు వింటే మంచిదానివే అనిపిస్తా ఉండాదే!"

వీరభద్రం కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో జయమ్మకు ఏం చెప్పాలో ఆలోచిద్దామనుకున్నాడు గాని ఏమీ తోచలేదు. ఏడుపు రావలసిన చోట, ఎందుకో, నవ్వు వస్తోంది.

అవతలి మాటలు భాగీరథమ్మ బుద్ధిగా విన్నది. ఊఁ కొట్టింది. పెట్టేసి, ఫోనును పైట చెంగుతో తుడిచి ఆయన చేతికిచ్చింది.

"కౌంటరు సంగతి మర్చిపొమ్మన్నాది. సోమవారం నుంచి ఊరికి ఆ చివర బొమ్మసంద్రలో గొడుగు పెట్టుకోవాలంట" అని, బుట్టలోంచి మూరెడు మల్లెలు తుంచి ఆయన జేబులో పెట్టింది. "ఇంట్లో ఇయ్యి. ఫోను మాత్రం చెడలేదప్పా, చల్లగా ఉండాది. ఇంగ నిన్ను నమ్మొచ్చు."