విమానాల కొమరయ్య

ఎవరైనా విమానమెక్కుతున్నారని వింటే చాలు, దిల్‌సుఖ్‌నగర్ దర్జీ కొమరయ్య చేతిలో కత్తెర ఆగిపోతుంది. ఎందుకు పోతున్నారో, జీతమెంతో అడగడు. ఎంత దూరం, ఎన్ని గంటలు, ఎప్పుడు బయలుదేరుతుంది, మధ్యలో ఎక్కడ దిగాలి. ఇవే ఆయనకు కావాలి. తను మాత్రం ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితేనే చెవులు దిబ్బడ వేశాయని చెప్పుకునే మనిషి.

కిలోమీటర్లు ఎన్నో తెలిశాక వాటిని చంపాపేట్‌లోని తమ చర్చి పాస్టర్ గారి ప్రసంగాలతో కొలుస్తాడు. దుబాయ్ రెండు ప్రసంగాలు. సింగపూర్ కూడా రెండే, చివర్లో దీవెన అదనం. సంగతి చెవిన పడి పాస్టర్ గారే ఓ ఆదివారం, ఢిల్లీ ఎంతని అడిగారు. "మీ గొంతు బాగుంటె ఒకటి అయ్యగారు. దగ్గొస్తె ఒకటిన్నర" అన్నాడు కొమరయ్య వినయంగా. ఆ తర్వాత పాస్టర్ గారు తరచూ గడియారం చూసుకున్నారు గానీ, ఢిల్లీ మాత్రం దగ్గర పడలేదు.

ఆయనకు ఇంకో పేరూ ఉంది, చెప్పకుండా షట్టర్ దించేస్తాడని. ఎదురింటి సూర్యప్రభ గారు జాకెట్ కోసం వచ్చి రెండుసార్లు వట్టి చేతులతో తిరిగి వెళ్లారు. "ఆకాశానికి కొలతలు బానే తీస్తాడండీ, జాకెట్లకే తీరిక లేదు" అని వీధంతా చెప్పారు.

అదే చర్చికి వచ్చే అన్నమ్మ కూతురు ఎలిజబెత్‌కు డబ్లిన్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. టికెట్ కూడా తీసుకున్నాక తల్లికి గుండె జారిపోయింది. బిడ్డను వద్దనడానికే నిశ్చయించుకుని, ఆ మాట ముందుగా కొమరయ్య దగ్గర అనేసింది.

"ఎనిమిది వేల కిలోమీటర్లు అన్నా. అంత సేపు గాలిల ఎట్లుంటది పిల్ల?"

"రెండు విమానాలకు కలిపి ఆరు ప్రసంగాలు చెల్లె. మన పిల్ల అవన్నీ చాప మీద కూసొనే ఇన్నది. ఆడ కుర్చీ ఇస్తరు, అన్నం గూడ పెడ్తరు."

అన్నమ్మకు నవ్వొచ్చింది. వద్దనాలనుకున్న మాట ఆ నవ్వులోనే ఎటో పోయింది.

బిడ్డ వెళ్లిన రోజు మధ్యాహ్నం, దుబాయ్‌లో దిగానని ఫోన్ వచ్చింది. దేవునికి స్తోత్రం చెప్పుకుందామని అన్నమ్మ చర్చికి పోయింది. ఖాళీ హాల్లో చాప మీద కొమరయ్య మోకరించి ఉన్నాడు. పక్కన టిఫిన్ డబ్బా, మూత కూడా తీయలేదు.

దుకాణం ఏమైందని అడిగింది. దొరికిపోయిన దొంగలా తల దించుకున్నాడు.

"మనోళ్లు గాలిల ఉంటె నాకు మిషన్ మీద కాలు ఆడదు. దిగేదాక ఎవరన్న ఒకరు కూసోవాలె కద."

సూర్యప్రభ గారి అబ్బాయి కార్తీక్ సింగపూర్ వెళ్లిన రోజే ఆవిడ జాకెట్ మొదటిసారి ఆలస్యమైందని అన్నమ్మకు అప్పుడు తట్టింది.

ఎలిజబెత్ ఫోన్ చేసిన సంగతి అన్నమ్మ చెప్పింది. కొమరయ్య మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి, డబ్బా దగ్గరికి జరుపుకున్నాడు.

"దుబాయ్ దాక నేను తోలుకొచ్చిన. ఇగ నువ్వు పట్టు చెల్లె, జర అన్నం తింట."

అన్నమ్మ కొంగు తల మీదికి లాక్కుని, ఆయన లేచిన చోటనే మోకరించింది.