మంసాపురానికి స్కూటర్ మీద, ఇరవై నాలుగేళ్ళు ఆలస్యంగా

ఇరవై నాలుగేళ్ళ కిందట మా చెల్లెలు కస్తూరి స్కూటర్ మీద నుంచి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. నేర్చుకుంటున్న పిల్ల, భయపడి యాక్సిలరేటర్ తిప్పేసిందని మా వీధిలో అందరికీ తెలుసు. అలా చెప్పింది నేనే. వెనక సీట్లో కూర్చుని ఆమెకు నేర్పుతున్నదీ నేనే. చెప్పకుండా దాచుకున్నది ఒకటుంది. మలుపులో మిల్లు బస్సు ఎదురొచ్చినప్పుడు భయపడింది నేను. బ్రేకు పట్టుకుందామని ఆమె భుజం మీదుగా చెయ్యి చాచి కుడి హ్యాండిల్ బిగించి పట్టుకున్నాను. బండి ముందుకు దూకి గోడకు గుద్దుకుంది.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచి కస్తూరి అడిగిన మొదటి మాట, "అన్నా, నేనేమి చేసినాను?" అని. పడిన అదురుకు ఆమెకు ఏమీ గుర్తు లేదు. "నువ్వే తిప్పేసినావు" అన్నాను. సాయంత్రం మా వీధి చావడిలోనూ అదే చెప్పాను. తమిళనాడులోని రాజపాళయంలో, మా తెలుగువాళ్ళ వీధి మగవాళ్ళు పొద్దుగూకేసరికి చావడి అరుగు మీద చేరతారు. అక్కడ అనుకున్న మాట రాత్రి భోజనాల వేళకు ప్రతి ఇంట్లో రూలైపోతుంది. ఆడపిల్లల చేతికి బండి ఇవ్వకూడదని ఆ రోజు అనుకున్నారు. కస్తూరి తన టీచరు జీతంతో కొనుక్కున్న ఆ స్కూటర్‌ను నాన్న వారంలోగా అమ్మేశాడు.

ఇప్పుడు ఆ రూలు ఎవరికీ గుర్తు లేదు. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్ళ స్కూటరే నిలబడి ఉంటుంది. కస్తూరి మాత్రం మంసాపురం నుంచి రాజపాళయం బడికి టౌను బస్సులోనే వచ్చి పోతోంది. పెళ్ళయి ఆ ఊరికి వెళ్ళిన నాటి నుంచీ అంతే. ఈ జూన్‌లో పొద్దుటి బస్సు టైము మార్చేశారు, బడి వేళకు అందదు. స్కూటర్ నేర్చుకోరాదా అని ఫోన్లో అడిగితే, "నా చెయ్యి మంచిది కాదు అన్నా. ఎవురినైనా చంపేస్తా" అంది. ఆ మాట విన్న తరువాత నాకు అంగడిలో కూర్చోబుద్ధి కాలేదు.

నాకూ బండి నడపడం రాదు. ఆ ప్రమాదం తరువాత హ్యాండిల్ ముట్టలేదు. అంతకుముందు తెలిసింది కూడా స్నేహితుడి మోపెడ్‌ను రెండుసార్లు తోలడమే. యాభై రెండేళ్ళ వయసులో, సర్జికల్ గుడ్డ టోకుగా అమ్మే వ్యాపారిని, షేర్ ఆటోలో పిల్లల మధ్య ఇరుక్కుని అంగడికి పోయేవాణ్ణి. ముందు నేను నేర్చుకోవాలనుకున్నాను. నాలాంటివాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మా ఊళ్ళో ఆడవాళ్ళకు స్కూటర్ నేర్పే కృష్ణవేణి అనే ఆమె ఉంది. పొద్దున ఆరింటికి ఒక పాత జిన్నింగ్ మిల్లు పక్క ఖాళీ నేలలో క్లాసు. మొదటి రోజు పోయేసరికి ఐదుగురు ఆడవాళ్ళు, నేనొక్కణ్ణి మగవాణ్ణి.

"ఎవురిని కూడా పిల్చుకొని వచ్చినారు అన్నా?" అని అడిగింది కృష్ణవేణి.

"ఎవురూ లేరు. నేర్చుకునేది నేనే."

చుడీదార్ వేసుకున్న ఒక నడివయసు ఆమె పక్కామెతో, "పరవాలేదు, మన కంటే భయపడేవాడు ఒకడు దొరికినాడు" అంది. నిజమే చెప్పింది.

మొదటి రెండు రోజులు ఇంజను ఆన్ చెయ్యనివ్వలేదు. బండిని పక్కన పట్టుకుని నడవాలి, సెంటర్ స్టాండు మీద ఎక్కించాలి, దించాలి. మూడో రోజు ఇంజను ఆన్ చేసి, రెండు కాళ్ళూ నేలకు ఆనించి నడుస్తున్నట్టు పోవాలి. నాలుగో రోజు కృష్ణవేణి నా కుడి చెయ్యి పట్టుకుని చూపించింది. "చూడండి అన్నా, బ్రేకు పట్టేటప్పుడు మణికట్టు కిందికి వంచొద్దు. వంచినారో, వేళ్ళు బ్రేకు పట్టకముందే అరచెయ్యి యాక్సిలరేటర్ తిప్పేస్తాది. కొత్తవాళ్ళు పడేది దీని వల్లనే."

నేను హ్యాండిల్ వదిలేసి కాసేపు పక్కన నిలబడ్డాను. ఇరవై నాలుగేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన 'ఏమో, ఇద్దరి చేతులూ పడినాయేమో' అనే మాట కూడా అక్కడితో పోయింది.

ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాక నెల ఆగి లైసెన్సు పరీక్షకు వెళ్ళాను. తమిళనాడులో దీనికి 'ఎట్టు పోడడం', అంటే ఎనిమిది వెయ్యడం, అంటారు. నేల మీద ఎనిమిది అంకె గీసి ఉంటుంది, కాలు కింద పెట్టకుండా దాని మీద చుట్టి రావాలి. మెల్లగా పోతే బండి తూలుతుంది, గట్టిగా పోతే గీత దాటుతుంది. చూపు చక్రం మీద పెట్టకుండా, తిరగబోయే చోట పెట్టమని కృష్ణవేణి చెప్పిన మాట నన్ను కాపాడింది.

బండి ఎంచుకోవడానికి తెన్‌కాశి రోడ్డులోని షోరూములకు మా ఆవిడ సులోచనను తీసుకుపోయాను. ఆమె ఎత్తూ కస్తూరి ఎత్తూ ఒకటే. మొదటి అంగడిలో పెద్ద ఇంజను బండి చూపించారు. దాన్ని సెంటర్ స్టాండు మీదికి ఎక్కించబోయి నాకే నడుం పట్టుకుంది. రెండో చోట ఎలక్ట్రిక్ బండి. చప్పుడు లేదు, బాగానే ఉంది. కానీ మంసాపురంలో కస్తూరి బండి పెట్టుకోగలిగేది పశువుల కొట్టంలో, అక్కడ ప్లగ్గు లేదు. మూడో చోట తక్కువ బరువు, తక్కువ ఎత్తున్న నూటపది సీసీ స్కూటర్ దొరికింది. ఎడమ చేతి బ్రేకు పట్టుకుంటే రెండు చక్రాలూ ఒకేసారి ఆగుతాయి. సులోచనను మళ్ళీ మళ్ళీ కూర్చోబెట్టి చూశాను. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనినాయి.

"నాలుగోసారి కూర్చోపెడతా ఉండావు. బండి ఎవురికి, నాకా?" అంది.

"కస్తూరికి."

"నీకు ఉండుండి చెల్లెలి మీద ఇంత పాశం ఎప్పుడు వచ్చింది?" అంది. నేను రంగులు చూడటం మొదలుపెట్టాను.

కొత్తగా కొనేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. రంగు, మైలేజీ తరువాత. ముందు కూర్చోండి, కాళ్ళు ఆనుతున్నాయో లేదో చూడండి, కూర్చునే ఉండి కాళ్ళతో బండిని వెనక్కి తోసి చూడండి. తోయలేని బండి మీది కాదు.

ఆ బండే కొని, శనివారం పొద్దున ఏడుంపావుకు హెల్మెట్ పెట్టుకుని దాని మీద మంసాపురానికి బయలుదేరాను. బంకులో పెట్రోలు పోయించుకుని, బస్టాండు దగ్గర షేర్ ఆటోల మధ్య నుంచి బయటపడేసరికి ఏడు నలభై. ఒక ఆటో డ్రైవరు నా పక్కన ఆపి, "ఏమి మొదలాళీ, మమ్మల్ని విడిచిపెట్టి పోతా ఉండారా?" అని నవ్వాడు. అంగడి యజమానిని ఇక్కడ మొదలాళి అంటారు. మిల్లు షిఫ్టు బస్సొకటి ఎదురైనప్పుడు రోడ్డు దిగి, అది పోయేదాకా నిలబడ్డాను. ఇందులో సిగ్గుపడటానికి ఏమీ లేదు.

ఎనిమిదికి ఊరు దాటాక ఒక టీ అంగడి దగ్గర ఆగాను. టీ, రెండు వడలు. ఎడమ పక్కన కొండల మీద మబ్బు ఇంకా దిగే ఉంది. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన బండి చుట్టూ తిరిగి చూసి, "మంసాపురం దారినా? నన్ను కూడా ఏసుకో" అన్నాడు.

"నేనే కొత్త అయ్యా. లైసెన్సు వచ్చి పదినాళ్ళు."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "అట్లయితే నేను బస్సులోనే వస్తా అప్పా. పై నెలలో మనవరాలి పెళ్ళి ఉండాది."

పావుగంట తరువాత ఆయన బస్సు నన్ను దాటిపోయింది. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీసేంత ధైర్యం ఇంకా రాలేదు. బస్సు అరగంటలోపు పోయే దూరానికి నాకు, టీతో కలిపి, గంటా పది నిమిషాలు పట్టింది.

కస్తూరి వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. హెల్మెట్ తీసేదాకా నన్ను గుర్తు పట్టలేదు.

"అన్నా! నువ్వా తోలుకొని వచ్చినావు? ఎవురి బండి, వదినదా?"

"నీది."

ఆమె పైట చెంగుతో సీటు మీది దుమ్ము తుడిచింది. హ్యాండిల్ దగ్గరికి పోయిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకుంది. "నాకెందుకు? ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ గదా, బండి ఏల అని పోయిన ఏడు నువ్వే అంటివి గదా" అంది నవ్వుతూ. అన్నాను. గుర్తుంది.

ఇడ్లీలు పెట్టింది. చెప్పలేకపోయాను. ఆమె భర్త కొబ్బరి తోపు నుంచి వచ్చి బండి చూసి మెచ్చుకుని మళ్ళీ వెళ్ళాడు. చెప్పలేకపోయాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక కస్తూరి గోడ మీది క్యాలెండర్ వెనక నుంచి ఒక మడత కాగితం తీసి ఇచ్చింది. ఎల్‌ఎల్‌ఆర్. ఆమె పేరు మీద. తీసుకుని మూడు వారాలైంది.

"ఎవురికీ చెప్పలా. అప్పుడప్పుడూ తీసి చూసుకుంటా, అంతే" అంది.

సులోచన రాత్రి భోజనానికి కస్తూరిని తీసుకురమ్మని చెప్పి పంపింది. మూడుంపావుకు బయలుదేరాం, కస్తూరి వెనక సీటులో. మంసాపురం దాటి కొబ్బరి తోపుల మధ్య మనిషి లేని తిన్నని రోడ్డు వచ్చినప్పుడు బండి ఆపాను. ఇంజను ఆపి, స్టాండు వేసి, ఆమెకు ఎదురుగా నిలబడ్డాను.

"కస్తూరీ, ఆ పొద్దు తిప్పింది నువ్వు కాదు. నేను వెనకనుంచి చెయ్యి ఏసినాను."

"నువ్వా?"

"నేనే. నువ్వు సరిగ్గానే తోలినావు."

ఆమె తన కుడి చెయ్యి తెరిచి చూసుకుంది. "పిలకాయల్ని రోడ్డు దాటించేటప్పుడు నేను ఈ చేత్తో పట్టుకోను. తెలుసునా నీకు? ఇన్నేండ్లుగా ఎడమ చేత్తోనే పట్టుకుంటా ఉండాను. విరిగిన చెయ్యి. చలికాలం నొస్తాది."

నేను ఏదో అనబోయాను. "మాట్లాడొద్దు" అని రోడ్డు వెంబడి నడుచుకుంటూ పోయింది. తిరిగొచ్చేసరికి పది నిమిషాలైంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతి సంచిలోంచి ఎరుపు రంగులో ఎల్ అక్షరం రాసిన రెండు స్టిక్కర్లు తీసింది. అవి కూడా కొని దాచుకుని ఉంది.

"అంటించు. నేను తోల్తా. నీకు లైసెన్సు ఉండాది గదా, వెనక కూర్చో. నీ చెయ్యి నా భుజం దాటి ముందుకు వచ్చిందో, కొరికేస్తా."

వెనక కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. మొదట కాళ్ళు నేలకు రాసుకుంటూ పోయింది. మణికట్టు సంగతి చెప్పాను. వంద గజాలు పోయాక కాళ్ళు పైకి తీసింది. బండి తూగలేదు. ఒక మేకల మంద అడ్డొస్తే మెత్తగా ఆపి, అవి పోయేదాకా ఉండి, మళ్ళీ కదిలించింది. "అన్నా, పోతా ఉండాది చూడు! నా మాట వింటా ఉండాది!" అని అరిచింది. ఆ అరుపు వినడానికి నేనెంత కాలంగా ఎదురుచూస్తున్నానో నాకే తెలియలేదు. గుండె మీద నుంచి ఎవరో మూట దించినట్టయింది.

పెద్ద రోడ్డు రాగానే ఆపి బండి నాకిచ్చింది. "కస్తూరీ, నన్ను..." అని మొదలుపెట్టాను.

"ఇక్కడ వద్దు. ఆ పొద్దు నాకొక్కదానికే చెప్పినావా? చావడిలో గదా చెప్పినావు."

మిగతా దారంతా తేలిగ్గానే సాగింది. ఇంత చిన్న ప్రయాణానికి ఇంత సమయం తీసుకున్నవాణ్ణి నేను తప్ప ఇంకొకణ్ణి చూడలేదు. దారి మంచిది, బండి తేలిక, నేర్చుకోవడానికి ఏ వయసైనా చాలు. ఆలస్యమంతా నా నోటిదే.

ఐదుంపావుకు మా వీధిలోకి తిరిగాం. చావడి అరుగు మీద ఆరేడుగురు ఉన్నారు. అందరికంటే పెద్దవాడైన పెరుమాళ్ మామ కస్తూరిని చూసి, "తెలివైనదానివే, వెనక కూర్చుంటివి. నీ చేతికి ఇచ్చి ఉంటే మా వీధిలో గోడలు మిగిలేవా?" అన్నాడు. అందరూ నవ్వారు. కస్తూరి నవ్వలేదు, కోప్పడలేదు. నా వైపు చూస్తూ నిలబడింది.

బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, హెల్మెట్ తీసి అరుగు ముందు నిలబడ్డాను.

"మామా, ఆ పొద్దు బండిని గోడకు కొట్టింది నా చెయ్యి. ఇక్కడ నిలబడి అబద్ధం చెప్పినాను. కస్తూరి తప్పేమీ లేదు. మీరంతా వినాల."

నవ్వులు ఆగిపోయాయి. నేను చెల్లెలి వైపు తిరిగి, వీధంతా వినపడేటట్టు చెప్పాను.

"కస్తూరీ, నా భయాన్ని నీ చేతి మీద పెట్టి నేను తప్పించుకున్నాను. తప్పు నాదమ్మా. నన్ను మన్నించు."