ఏలియా బండి ఎడమకే పోతుంది

మాచర్లలో ఏలియాను వెతకాల్సిన పని ఎవరికీ పడదు. బస్టాండు వైపు చూస్తే ముందు లైటు స్తంభం కనిపిస్తుంది, దాని పక్కన ఏలియా కనిపిస్తాడు, ఆ తర్వాతే మిగతా జనం. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. నిచ్చెన ఎక్కకుండానే బస్సు టాపు మీద మూటలు సర్దుతాడనీ, వీధిలో ఎవరి డిష్ గొడుగు పక్కకు తిరిగినా నేల మీద నిలబడే సరిచేస్తాడనీ చెప్పుకుంటారు. ఒకసారి సాగర్ రోడ్డులో మోపెడ్ మీద పోతుంటే కానిస్టేబుల్ ఆపి, "ఆ బండిని కాళ్ళ మధ్య ఇరికించుకొని యాడికి మోసుకుపోతన్నావు?" అని అడిగాడట. ఇందులో కాస్త మసాలా ఉంది. ఆపిన మాట మాత్రం నిజం.

పని ధనుంజయరావు గారి బండల ఫ్యాక్టరీలో. పాలిష్ మెషీన్ మీద నుంచి దిగిన ప్రతి నాపరాయినీ అరచేత్తో నిమిరి, "ఇది సాపు, ఇది పొట్ట" అని చదునైనదేదో ఉబ్బినదేదో తేల్చడం ఇరవై రెండేళ్ళుగా అతని ఉద్యోగం. ఆనించి చూసుకోవడానికి ఫ్యాక్టరీలో బారెడు ఇనుప పట్టీ ఉంది. ఏలియా దాన్ని ముట్టడు.

"పట్టీ పిల్లకాయలకి. బండ మీద తల వెంట్రుక పెట్టి పైన దుప్పటి కప్పండి, అది ఆడమనిషిదో మగమనిషిదో చెప్తా" అంటాడు. ఎవరూ దుప్పటి తెచ్చి పరీక్ష పెట్టలేదు కాబట్టి ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

చెయ్యి సంగతి అలా ఉంటే, కాళ్ళ సంగతి వేరు. ఏ కంపెనీ బండి ఎక్కినా మోకాళ్ళు హ్యాండిల్‌కు తగిలేవి. మలుపు తిరగాలంటే వెనక్కి జరగాలి. జరిగి జరిగి సీటంతా తనే అయ్యేవాడు. భార్య ఆరోగ్యమ్మకు క్యారియర్ కొస మిగిలేది.

ఆరేళ్ళ కిందట చర్చిలో ప్రేమవిందు రోజున ఆ కొస కూడా మిగల్లేదు. ఆమె ఒళ్ళో సాంబారు గిన్నె పెట్టుకొని కూర్చుంది. మార్కెట్టు ముందు స్పీడ్ బ్రేకర్ వచ్చింది, ఏలియా అలవాటుగా జానెడు వెనక్కి జరిగాడు, ఆరోగ్యమ్మ రోడ్డు మీద కూర్చుంది. గిన్నె ఆమె పక్కనే నిటారుగా దిగింది. చుక్క ఒలకలేదని ఈనాటికీ ఒట్టేసి చెప్పేవాళ్ళున్నారు. టీ కొట్లో వాళ్ళు పరుగెత్తుకొచ్చి ముందు గిన్నెను పక్కకు తీశారు, తర్వాత మనిషికి చెయ్యి అందించారు. నవ్వు మాత్రం అందరూ ఒకేసారి నవ్వారు.

ఆమె చీర దులుపుకొని, గిన్నె తీసుకొని ఆటో ఎక్కింది.

"నీ కాళ్ళకి సరిపోయే బండి వచ్చిన్నాడు ఎక్కుతా. అందాకా నన్ను పిలవబాక" అంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ముందు ఆటోలో ఆరోగ్యమ్మ, వెనక మోకాళ్ళు రెక్కల్లా చాపుకొని ఏలియా. "ఏందన్నా, మంత్రిగారికి ఎస్కార్టా?" అని కొట్లవాళ్ళు అరిచేవాళ్ళు. ఏలియా చెయ్యి ఊపి నవ్వేవాడు. ఆ ఆదివారాలు ఇంటికొచ్చాక ఒక్క ముద్ద కూడా సరిగ్గా తినేవాడు కాదు. ఆమె పడినందుకు కాదు అతని బాధ. ఆరేళ్ళుగా వీపు వెనక ఎవరూ లేకుండా బండి నడపడం అతనికి అలవాటు కాలేదు.

సరిపోయే బండి ఎవడూ చెయ్యడు గనుక తనే చేసుకుందామనుకున్నాడు. రెండేళ్ళపాటు సామాను ఏరాడు. గురజాలలో రిటైరైన హెడ్ కానిస్టేబుల్ కొట్టంలో పడున్న బుల్లెట్ ముందు ఫోర్కులు. నరసరావుపేట పాత ఇనుము కొట్టులో ఇంజను. అచ్చంపేటలో ఒకాయన దాణా పోసుకుంటున్న రాజ్‌దూత్ ట్యాంకు. దాన్ని ఇప్పించుకోవడానికి ఆయనకు కొత్త డబ్బా కొనివ్వాల్సి వచ్చింది. కాగితాలు తన పాత బండివి. దాని ఛాసిస్ నంబరు కొట్టి ఉన్న మెడ ముక్కను మాత్రం ఉంచి, మిగతా ఫ్రేమంతా కొత్త పైపులతో తన కొలతకు సాగదీయాలని ఆలోచన.

వెల్డింగ్ జిలానీది. రింగ్‌రోడ్డు పక్కన షెడ్డు. మాటకు ముందు నవ్వే మనిషి. అతను ఏలియాను స్టూలు మీద కూర్చోబెట్టి గోడ మీద సుద్దముక్కతో ఆ ఆకారమంతా గీశాడు. గోడ చాలక తలను పక్క గోడ మీద వేశాడని షెడ్డుకొచ్చిన వాళ్ళంతా చెప్పుకున్నారు.

"అన్నా, ఇంత పొడుగు ఫ్రేము అతకాలంటే కింద నేల అద్దంలాగుండాల. గుంటూరులో మావోళ్ళకి ఇనప బెడ్డు ఉంది. ఆడికి తీసుకుపోదాం" అన్నాడు జిలానీ.

ఏలియా అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "మాచర్లలో పుట్టి సాపు నేల కోసం గుంటూరు పోతామా? ఊరు ఇంటే నవ్వుద్ది."

అతని ఇంటి వెనక నాపబండ ఒకటుంది. నాలుగడుగులకు ఏడడుగులు, మూడంగుళాల మందం. క్వారీలో వెయ్యి బండలు నిమిరి తనే ఏరి తెచ్చుకున్నాడు. దాని మీద గుమ్మడి వడియాలు పెట్టనిచ్చేవాడు కాదు. జిలానీ మెషీన్ తెచ్చుకొని ఆ బండ మీదే పైపులు పేర్చి అతికాడు. పూర్తయ్యాక ఏలియా ఫ్రేమును రెండు చేతులతో అదిమి చూశాడు. కాస్త కూడా కదల్లేదు.

"చూశావా? ఈస్టర్‌కి ఆరోగ్యాన్ని ఎక్కించుకొని విజయపురి సౌత్ దాకా పోతా. సాగర్ డ్యామ్ చూపించుకొస్తా" అని ఫ్యాక్టరీ అంతా చెప్పాడు.

సంక్రాంతి వెళ్ళాక మొదటిసారి స్టార్ట్ చేశాడు. కూర్చుంటే మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. వెనక సీటు మూరెడు ఖాళీగా ఉంది. ఏలియా చెయ్యి వెనక్కి పెట్టి ఆ ఖాళీని ఒకసారి తడిమాడు. గేరు వేసి రోడ్డెక్కాడు. వంద గజాలు పోయేసరికి బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది. కుడికి తిప్పి పట్టుకుంటే పోతుంది, కాస్త వదిలితే ఎడమకు. సాగర్ రోడ్డులో రెండు కిలోమీటర్లు పోరాడి, చివరికి ఎవరిదో కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల మధ్యకు దిగాడు. కాపలా ఉన్న ముసలమ్మ, "ఏం నాయనా, ఘాటు చూస్తన్నావా?" అంది. అరగంట తుమ్ముతూనే ఉన్నాడు.

ముందు చక్రం రిమ్ము అనుకున్నాడు. మార్చాడు. ఎడమకే పోయింది. ఫోర్కు వంగిందని విప్పి సరిచేయించాడు. ఎడమకే. బేరింగులు, టైర్లు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే చిమటా బోల్టులు, ఒకదాని తర్వాత ఒకటి. ప్రతిసారీ బండి మొత్తం విప్పడం, ఫ్రేమును తన బండ మీద పెట్టి చూసుకోవడం. ప్రతిసారీ అది అతికించినట్టు కూర్చునేది.

"ఫ్రేములో తప్పు లేదు" అనేవాడు.

"మరి బండికేం పుట్టింది?" అనేవాడు జిలానీ.

"దాన్నే అడుగు!"

ఫ్యాక్టరీలో కొత్త ఎగతాళి మొదలైంది. "ఏలియన్న బండికి కుడిచెవి ఇనపడదంట" అని ఒకడు. "కాదురా, అచ్చంపేట దాణా వాసనకి ఎడంపక్క గేదెల కాడికి పోతంది" అని ఇంకొకడు. ఇంతకాలం పొడుగుకు నవ్వినప్పుడు నవ్వి ఊరుకున్న ఏలియా, ఇప్పుడు స్పానరు విసిరేశాడు. అది పోయి నీళ్ళ తొట్టిలో పడింది. దాన్ని వెతకడానికి మళ్ళీ తనే వంగాల్సి వచ్చింది, అదీ అందరి ముందు.

ఈస్టర్‌కు పది రోజులున్నాయనగా విసుగెత్తి, కనీసం రంగైనా వేయిద్దామని ఫ్రేమును దండలా మెడలో వేసుకొని జిలానీ బావమరిది సుహైల్ పెయింటింగ్ షెడ్డుకు తీసుకుపోయాడు. సుహైల్ కొత్తగా టైల్స్ వేయించాడు. ఫ్రేమును కింద పెట్టగానే టక్కున దాని మూల ఒకటి లేచింది. అదిమితే ఇంకో మూల లేచింది. టక్. టక్.

"నీ నేల వంకర" అన్నాడు ఏలియా.

"ఏందన్నా, మొన్ననే ఏయించా! మట్టం పెట్టి మరీ చూసుకున్నా."

"మేస్త్రీ నిన్ను మోసం చేశాడు పో."

ఫ్రేమును మళ్ళీ మెడలో వేసుకొని చర్చి వరండాకు పోయాడు. పాలరాయి. టక్. పత్తి లారీలు తూచే కాటా మీదికి పోయాడు. ఇనుప పలక. టక్. బస్టాండు ప్లాట్‌ఫారం మీద పెట్టేసరికి చుట్టూ జనం చేరి, ఏదో అమ్ముతున్నాడనుకొని రేటు అడిగారు. అక్కడా టక్. ఇంటికొచ్చి తన బండ మీద పెట్టాడు. చప్పుడు లేదు.

అంటే మాచర్ల మొత్తం వంకర, తన ఇంటి వెనక ఏడడుగులే సాపు. ఆ రోజు సాయంత్రం జిలానీతో ఇదే చెప్పాడు, ఒక్క నవ్వు లేకుండా.

జిలానీ గడ్డం గోక్కున్నాడు. "అన్నా, కోపం తెచ్చుకోబాక. ఆ బండ..."

"బండ మాటెత్తావంటే మర్యాద దక్కదు! నీకు పైపు అతకడం తెలుసు, రాయి గురించి నాకు చెప్పబాక."

జిలానీ చేతులు తుడుచుకొని వెళ్ళిపోయాడు. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం, ఏలియా ఫ్యాక్టరీలోని ఇనుప పట్టీని తువ్వాలులో చుట్టుకొని ఇంటికి తెచ్చాడు. దారిలో ఎవరైనా చూస్తారేమోనని భుజం నుంచి మడమ దాకా ఒంటికి ఆనించి దాచుకున్నాడు. అంత పొడుగు మనిషికి దాచుకోవడానికి చోటు బాగానే దొరికింది. బండ మీద అడ్డంగా ఆనించాడు. సరిపోయింది. నిలువుగా ఆనించాడు. సరిపోయింది. మూల నుంచి మూలకు ఆనించాడు. పట్టీ కింద నుంచి అవతలి వెలుతురు కనిపించింది. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి సందులో పెట్టాడు. సాఫీగా దూరిపోయింది. రెండో బిళ్ళ కూడా పట్టింది.

పట్టీ తీసి, ఆ మూలన అరచేత్తో నిమిరాడు. చేతికి సాపుగానే ఉంది. మళ్ళీ నిమిరాడు. సాపే. బండ ఎప్పుడు మెలి తిరిగిందో, చెయ్యి ఎప్పుడు మొద్దుబారిందో అతనికి తెలియలేదు. ఎండలో అలాగే కూలబడ్డాడు.

ఆరోగ్యమ్మ బయటికొచ్చింది. "ఏందయ్యా ఎండలో? అన్నం చల్లారిపోతంది."

"బండ వంకర."

"ఏ బండ?"

"ఇదే. నేను ఏరింది. దీని మీద అతికాం గనక ఫ్రేమూ ఇట్టాగే మెలి తిరిగింది. అందుకే దీని మీద కదల్లా. రేపటికి కాదే. చేతికి తెలీలా నాకు."

ఆమె బండను చూసింది, అతన్ని చూసింది. నవ్వుతుందేమోనని అతను తల దించుకున్నాడు.

"మరి బాగు చెయ్యొచ్చా, లేదా?" అంది.

"రెండు చోట్ల కొయ్యాల. మళ్ళీ అతకాల."

"మరి అతికేవాడికి ఫోన్ చెయ్యి."

అది అంతకన్నా కష్టమైన పని. రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాడు. మూడోసారి కట్ చేసేలోపే జిలానీ ఎత్తాడు.

"జిలానీ, నువ్వన్నదే కరెక్టు. బండదే తప్పు."

"ఏందన్నా? సరిగ్గా ఇనపళ్ళా."

"ఇనపడిందిలే."

"లేదన్నా, నిజంగా. ఇంకోసారి చెప్పు. స్పీకర్ పెడతన్నా, మా సుహైల్ కూడా ఇక్కడే ఉన్నాడు. ఆడి టైల్సుని తిట్టావు గదా."

ఏలియా పళ్ళు కొరుక్కుంటూ ఇంకోసారి చెప్పాడు. అవతల కాసేపు నవ్వులు. తర్వాత జిలానీ గొంతు మారింది. "సర్లే అన్నా. నంబరున్న ముక్క జోలికి పోబాక. కింది పైపులు రెండూ కోసి పెట్టు. సోమవారం గుంటూరు తీసుకుపోదాం."

ఏలియా హ్యాక్సా బ్లేడు బిగించి మొదలుపెట్టాడు. పట్టుకునేదేమీ లేక ఫ్రేము గంతులేసింది. మోకాలితో అదిమితే కోసే చెయ్యి ఆడలేదు. ఆరోగ్యమ్మ వచ్చి పట్టుకుంది. ఆమె చేతుల్లోంచి కూడా జారిపోయింది. మూడోసారి బ్లేడు విరిగి అతని వేలు చీరింది.

"తియ్యి, పారేద్దాం దీన్ని!" అని లేచాడు.

"కూర్చో" అంది ఆరోగ్యమ్మ. చీర కుచ్చిళ్ళు దోపుకొని, ఒక కాలు ఇటు ఒక కాలు అటు వేసి, వెనక సీటు రావాల్సిన పైపు మీద తన బరువంతా మోపి కూర్చుంది. ఫ్రేము కదలడం మానేసింది.

ఏలియా కొత్త బ్లేడు చేతిలో పట్టుకొని అలాగే చూశాడు. "ఎక్కావే."

"ఎక్కలా. గుచ్చుకుంటంది, తొందరగా కొయ్యి."

అతను వంగి కోయసాగాడు. మందం పైపు. ఇనుప రజను ఆమె పాదాల మీద రాలుతోంది. చప్పుడుకు ఆమె రెండు చెవులూ మూసుకుంది, మధ్యమధ్య ఒక చెవి తెరిచి తిట్టింది, అన్నం సంగతి రెండుసార్లు గుర్తుచేసింది. దిగలేదు. అరగంటయినా పైపు సగం కూడా తెగలేదు, ఏలియా తొందరపడనూ లేదు.