గీత ముట్టని సాక్షి

పురుషోత్తం మా పక్కింటివాడు. ఐర్లండులో కార్క్ నగరం దగ్గర మందుల ఫ్యాక్టరీలో పని, ఆ పక్కనే మా బాలింకాలిగ్‌లో కాపురం. భార్య ఊర్మిళ. మాట తక్కువ మనిషి. చెత్త బండి వచ్చే రోజున తన డబ్బాతో పాటు మా డబ్బా కూడా రోడ్డు మీదికి లాగి పెడతాడు. అడక్కుండా ఉపకారం చేసేవాళ్లను నమ్మడం నాకు అలవాటు లేదు.

అంత నెమ్మదస్తుడూ సాక్ష్యానికి కోర్టుకెక్కాడు, అదీ మన తెలుగువాడికి వ్యతిరేకంగా. మా వీధి మలుపులో అబిగేయిల్ అనే ఇక్కడి ఆవిడ కారు, మా వీధి తెలుగు కుర్రాడు హేమచంద్ సైకిలుకి తగిలి, అతని మణికట్టు విరిగింది. అబిగేయిల్ ముసలివాళ్ల ఇళ్లకు కారులో తిరిగి స్నానాలు చేయించి, తిండి పెట్టి వచ్చే మనిషి. అజాగ్రత్తగా నడిపిందని గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కేసు పెట్టారు. లైసెన్సు పోతే ఆవిడ బతుకుతెరువు పోయినట్టే. ఆవిడ తరఫు సాక్షి పురుషోత్తం ఒక్కడే.

"మనవాణ్ణొదిలేసి తెల్లామెకి సాక్ష్యమా? ఏదో ముట్టే ఉంటుందాంటీ," అన్నాడు హేమచంద్, కట్టు చూపిస్తూ. నాకూ అలాగే తోచింది.

సంగతేమిటో చూద్దామని కోర్టుకి వెళ్లాను. మా అమ్మాయి చరిత చెవిలో తెలుగు చేసి చెబుతోంది. పురుషోత్తం బోనెక్కగానే గుమాస్తా భగవద్గీత తెచ్చి ముందు పెట్టాడు. అతను పామును చూసినట్టు రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. ఒట్టు వెయ్యను గానీ నిజమే చెబుతానన్నాడు.

హేమచంద్ నన్ను మోచేత్తో పొడిచాడు. "చూశారా? అబద్ధం గనకే గీత ముట్టలేదు!"

జడ్జీ ఆడమనిషి. "గ్రాండ్," అంది, అంటే ఇక్కడివాళ్ల భాషలో 'సరే, అలాగే' అని. ఒట్టు అక్కర్లేదట, నిజం చెబుతానని మాటిస్తే చాలట. అదేం కోర్టో!

సైకిలు పక్క సందులోంచి ఆగకుండా వచ్చింది, కారు నెమ్మదిగానే వస్తోంది అన్నాడు పురుషోత్తం. గుద్దుకోవడం నీ కళ్లతో చూశావా అని గార్డుల తరఫు ఆయన గుచ్చాడు. లేదు, అప్పటికి అటు తిరిగాను, చప్పుడే విన్నానన్నాడు. చూడనిది చూడలేదన్నవాడు చూసింది చెబితే నమ్మవచ్చునని జడ్జీ కేసు కొట్టేసింది. అబిగేయిల్ బెంచీ మీద కూలబడి ఏడ్చింది.

నాకు నిద్ర పట్టేటట్టు లేదు. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి నిలదీశాను.

"ఏవయ్యా, గీత మీద చెయ్యెందుకు పెట్టలేదు? ఏం దాస్తున్నావు?"

అతను వంటింటివైపు చూశాడు. స్టవ్ మీద పోపు చిటపటమంది. ఊర్మిళ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని బాత్‌రూములోకి పరుగెత్తింది.

"ఎన్నో నెల?"

"రెండు నిండాయి మామ్మగారూ. ఇంటిది నీళ్లోసుకుంటే మగాడు ఒట్టెయ్యకూడదండి మా ఇళ్లల్లో, నిజానికైనా సరే. ఇంకా ఎవరికీ చెప్పలేదు. మీరు కూడా..."

"నేనేమన్నా దండోరా వేసేదాన్నా?"

గుమ్మం దిగేసరికి హేమచంద్ కాచుకుని ఉన్నాడు.

"ఏవన్నాడాంటీ?"

"ఏవీ అనలేదు."

"మీక్కూడా ముట్టిందా ఏంటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, కళ్లు నవ్వలేదు.

ఆడపిల్ల పుట్టింది గనక ఇప్పుడివన్నీ రాయవచ్చు. బారసాలనాడు హేమచంద్‌ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాను. అంతా విన్నాడు. ఉయ్యాలవైపు ఒకసారి చూసి, మణికట్టు అతుక్కున్న ఆ చేతి వేళ్ల మీద, కోర్టు నాటి దాకా నెలలు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.