మరిది లేని గది

ఆశ్రయం కోరి పరాయి దేశం వచ్చిన ఆమె ఒకచోట కుదురుగా కూర్చోదు. విచారణ కార్యాలయం వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ, చున్నీ అంచును వేలికి చుట్టి విప్పుతుంటుంది. వెనక అడుగుల చప్పుడైతే గోడవైపు జరుగుతుంది.

రెండో విచారణకు, తోడొచ్చిన మరిదిని బయట ఉంచి, ఆమెను మాత్రమే పిలిచారు. తన దేశంలో సైనికులు తనను చెరిచారని ఆ రోజు చెప్పింది. "మొదటిసారి కొట్టారని మాత్రమే అన్నారు. ఇప్పుడు మాట మారుస్తున్నారేం?" అన్నాడు అధికారి. దుభాషి ఆ ప్రశ్నను మెల్లగా ఆమె భాషలో వినిపించింది. "మార్చలేదమ్మా. అప్పుడు మా మరిది పక్కనే కూర్చున్నాడు. వదినా అని పిలిచేవాడి ముందు ఆ మాట నోరు దాటి ఎలా వస్తుంది?" అధికారి నమ్మాడో లేదో తెలియలేదు. బయట మరిది ఎదురొచ్చాడు. "ఏమడిగారు వదినా?" "అడిగినవే మళ్లీ అడిగారు" అంటూ, అతనికి మొహం కనబడకుండా గబగబా మెట్లు దిగింది.