సముద్రం అడుగున నా సవతి

మా ఆయనకి నేనొక్కదాన్నే పెళ్ళాన్నని చుట్టాలందరూ అనుకుంటారు. నా మొహం! మా పడకగదిలో మంచానికి ఎదురుగా గోడ మీద ఒక సముద్రం మ్యాపు, దాని మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒక ఎర్ర గీత. పొద్దున్నే కళ్ళు తెరవగానే ఆయన చూసేది పక్కనున్న నన్ను కాదు, ఆ గీతని. సముద్రం అడుగున వేసే ఇంటర్నెట్ కేబుల్ అది. వేసే అంటే, అప్పటికింకా వెయ్యనే లేదు. పుట్టనిదాని మీద అంత ప్రేమేమిటో నాకు అంతు పట్టేది కాదు.

ఆయన ఒక చిన్న టెలికాం కంపెనీలో పనిచేస్తాడు. ఊళ్ళో ఫోన్లకీ ఇళ్ళకీ ఇంటర్నెట్ ఇస్తారు. ఆ ఇంటర్నెట్టు ఆకాశం నుంచి ఊడిపడుతుందని నేనూ అందరిలాగే అనుకునేదాన్ని. కాదట. దేశదేశాల నుంచి సముద్రం అడుగున పడుకున్న కేబుళ్ళలోంచి వస్తుందట. ఆ కేబుల్లో సొంత వాటా ఉన్న కంపెనీలు దర్జాగా బతుకుతాయి. లేనివాళ్ళు వాళ్ళ దగ్గర అద్దెకి తీసుకుని, అడిగినంతా నోరు మూసుకుని కడతారు. మా ఆయన కంపెనీ అద్దె బాపతు.

నేను బజార్లో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. పెళ్ళయిన కొత్తలో సాయంత్రం షాపు మూసేవేళకి ఆయన వచ్చి మెట్ల కింద నిలబడేవాడు. ఒక్కరోజు నేను ఆలస్యంగా దిగితే మూతి ముడుచుకునేవాడు. ఆ మనిషి ఏమైపోయాడో దేవుడికెరుక.

ఒకసారి ఏదో ఓడ లంగరు ఈడ్చుకుపోయి పాత కేబుల్ తెగింది. వాటా ఉన్న కంపెనీలు చకచకా వేరే దారి చూసుకున్నాయి. అద్దెవాళ్ళని ఎవరు పట్టించుకుంటారు? రోజుల తరబడి ఊరంతా వాళ్ళ ఆఫీసు మీద పడి మా ఆయన్ని నానా మాటలూ అన్నారు. ఆయన ఫోను చెవికి పెట్టుకుని "సార్, మా సంగతి ఎప్పుడు చూస్తారు సార్" అని కేబుల్ సొంతదార్లని బతిమాలుతూ కూర్చున్నాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, "మనకీ ఒక వాటా ఉండుంటే ఈ గతి పట్టేదా?" అన్నాడు. నా సవతి ఇంట్లో కాలుపెట్టింది ఆ పూటే.

ఇంతలో నాలుగైదు కంపెనీలు కలిసి డబ్బు వేసుకుని కొత్త కేబుల్ వేస్తున్నాయని తెలిసింది. ఇంకేముంది, మా ఆయనకి పూనకం వచ్చేసింది. కంపెనీ పెట్టిన పెద్దాయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం మొదలుపెట్టాడు. ఆ పెద్దాయనేమో "అంత డబ్బు సముద్రంలో పొయ్యమంటావా?" అని తిట్టి పంపించేవాడు. ఆఫీసులో ఈయనకి 'సముద్రం సార్' అని పేరు పడిపోయింది. అక్కడ విననిదంతా ఇంటికొచ్చి నాకు వినిపించేవాడు.

"ఇలా చూడు. మనం అద్దె ఇంట్లో ఉన్నామనుకో. ఓనరు పెంచమన్నప్పుడల్లా పెంచాలి. పొమ్మంటే పోవాలి. అదే ఒకసారి డబ్బు పెట్టి వాటా కొనుక్కుంటే, కేబుల్ ఉన్నన్నాళ్ళూ దాని లోపల ఇంటర్నెట్ మోసే గాజుపోగుల్లో మన వంతు మనదే. మనం వాడుకోగా మిగిలింది ఇంకొకళ్ళకి అద్దెకివ్వచ్చు. అప్పుడు మన కంపెనీ విలువే వేరు."

"అనుకోవడం ఎందుకండీ? మనం నిజంగానే అద్దె ఇంట్లో ఉన్నాం. దీని గురించి ఏనాడైనా ఇలా అన్నం మానేశారా?"

"నీకు అర్థం కాదులే," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. అర్థం కాకపోవడమేం, ఆ కేబుల్ గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు ఎలా మెత్తబడుతుందో నాకు తెలియదా? ఆ గొంతు ఒకప్పుడు నాది.

మా ఆడపడుచుతో చెప్పుకుంటే పకపకా నవ్వింది. "మా అన్నయ్య తాగడు, తిరగడు. ఇంకేం కావాలి వదినా నీకు?"

"తాగితే నలుగురికీ చెప్పుకుని ఏడ్చేదాన్ని. కేబుల్ అంటే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాను. దానికి మళ్ళీ నవ్వు.

చివరికి ఒకరోజు షాపు మూసేవేళకి మెట్ల కింద ఆయన! పాత రోజులు తిరిగొచ్చాయనుకున్నాను. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని, రోడ్డు మీద జనం చూస్తున్నారని కూడా లేకుండా గిర్రున తిప్పేశాడు. "పెద్దాయన ఒప్పుకున్నాడు! వాటా తీసుకుంటున్నాం!" పెళ్ళయ్యాక నన్ను పట్టుకుని తిప్పడం అదే మొదలు. అదీ దాని పుణ్యమే. చేతులు విడిపించుకుని గబగబా ముందుకి నడిచాను.

కేబుల్ ఒడ్డుకి వచ్చే రోజు కుటుంబాలని కూడా రమ్మన్నారు. వెళ్ళాను. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, తల రెండుసార్లు దువ్వుకుని మరీ వెళ్ళాను. సవతిని చూడ్డానికి వెలిసిపోయిన బట్టల్లో ఎవరు వెళ్తారు? దూరంగా ఓడ ఆగింది. గాలి నింపిన సంచులు కట్టి నీళ్ళ మీద తేలుస్తూ దాన్ని లాక్కొచ్చారు. తీరా చూస్తే ఏముంది? నా మణికట్టంత లావు, నల్లగా, తడిగా. లోతు నీళ్ళలో ఇంకా సన్నమట, మొక్కలకి నీళ్ళు పట్టే గొట్టమంత. దీనికా నేను ఇన్నేళ్ళు కుళ్ళి చచ్చింది!

అంతలో రాళ్ళ మీద నా కాలు జారింది. "చూసుకుని నడవాలి," అన్నాడాయన, తల తిప్పకుండానే. అదే నిమిషంలో కేబుల్ పట్టుకున్న వాళ్ళతో "మెల్లగా, బాబూ, మెల్లగా, వంపు తిరగనివ్వకండి" అంటూ మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయాడు. దాని ఒంటి మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. నేను బండ మీద కూర్చుని చీలమండ నొక్కుకుంటూ చూశాను. గొట్టమంత దానితో పోటీపడి కూడా ఓడిపోయానే అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన చెప్పినట్టే జరిగింది, అదొకటి నా ప్రాణానికి. కంపెనీ దశ తిరిగింది. చిన్న కంపెనీలు వీళ్ళ గుమ్మం ముందు అద్దెకి నిలబడ్డాయి. అప్పులివ్వం పొమ్మని మొహం తిప్పుకున్న బ్యాంకువాళ్ళు పిలిచి కుర్చీలు వేశారు. ఆ వాసన పట్టుకునే ఒక పెద్ద కంపెనీ వచ్చింది. వచ్చినవాళ్ళు ఆఫీసు చూడలేదు, మనుషుల్ని చూడలేదు. వాటా కాగితాలు చూపించమన్నారు. కంపెనీ మొత్తానికి వాళ్ళు కట్టిన ఖరీదులో ముప్పాతిక వంతు ఆ గాజుపోగులదేనట. పెద్దాయనకి ఓపిక అయిపోయింది, అమ్మేశాడు. కొన్నవాళ్ళు ఆఫీసుకి తాళం వేసి అందరినీ ఇంటికి పొమ్మన్నారు.

మా ఆయన్ని మాత్రం వదల్లేదు. కేబుల్ అవతలి ఒడ్డున ఎక్కే చోట స్టేషన్లో ఉద్యోగం ఇస్తామన్నారు. జీతం ఎక్కువ. కానీ ఉండడానికి ఒక్కడికే గది, ఏడాదికోసారి ఇంటికి సెలవు. వారంలో ఏ సంగతో చెప్పమన్నారు.

ఆ వారం నేను పడ్డ నరకం పగవాళ్ళకి కూడా వద్దు. 'వెళ్ళకండి' అని ఒక్క మాట అంటే ఆగిపోతాడేమో. కానీ అడిగి ఉంచుకుంటే అది నా గెలుపెలా అవుతుంది? అదో నేనో, ఆయనంతట ఆయనే తేల్చుకోవాలి. పళ్ళ బిగువున ఊరుకున్నాను. షాపులో ఒకాయనకి చదువుకునే అద్దాల బదులు దూరం చూసేవి బిగించి చీవాట్లు తిన్నాను. ఇంటికొస్తే ఆయన ఆ మ్యాపు ముందే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలప్పుడు తల వంచుకునే అన్నాడు, "వెళ్ళనని చెప్పేశాను."

చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. లోపల నుంచి నవ్వు తన్నుకొచ్చింది. గెలిచాను! ఇన్నేళ్ళకి దాన్ని కాదని నన్ను ఎంచుకున్నాడు. అక్కడితో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేకపోయాను. పక్కన కూర్చుని, "నా కోసమేనా?" అన్నాను.

అబద్ధం చెప్పినా నమ్మేదాన్ని. ఆయనకి అబద్ధం చేతకాదు, అదే వచ్చిన చిక్కు.

"మన వాటా మీద ఆ కొన్నవాడు తన పేరు పెట్టేసుకున్నాడట," అన్నాడు. "అక్కడ వాడి కింద జీతానికి ఉండి, అది వాడిదని రోజూ చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. కడుపు మండిపోతోందే." కళ్ళ నిండా నీళ్ళు. నాకు ఆపరేషనైన రోజు కూడా ఈ మనిషి ఏడవలేదు.

కంచం ఎత్తి గోడకేసి కొడదామనిపించింది. నిజం. చెయ్యి కంచం దాకా వెళ్ళింది కూడా. అప్పుడు ఆయన మొహం చూశాను. బిగిసిన దవడ, ఎర్రబడ్డ కళ్ళు, నోట్లో పెట్టుకున్న ముద్ద మింగలేక అవస్థ. ఆ అవస్థ నాకు కొత్తదా? చెయ్యి వెనక్కి తీసుకుని మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపాను.

"అన్నం సహించదు," అన్నాను. "దాని పేరు ఎవరైనా ఎత్తితే లేచి పోవాలనిపిస్తుంది. వద్దు వద్దనుకుంటూనే, అదిప్పుడు ఎవరి దగ్గర ఎలా ఉందో అని మనసు అటే పోతుంది."

ఆయన తల ఎత్తాడు. "అవును, అచ్చం అలాగే ఉంది. నీకెలా తెలుసు?" అని నా వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఎన్నాళ్ళకి తగ్గుతుంది?"

"తెలియదండీ," అన్నాను. "నాకింకా తగ్గలేదు."